బావ అద్దంలో గీత

కళ్లజోడు కొనుక్కున్న రోజు పొద్దున అద్దాలాయన చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: మామగారు అప్పగించిన కొట్టు ఒకటి, ఆయన కూతురు ఒకతె, ఆయన కొడుకు ఒకడు, ఆయన చెప్పిపోయిన సూత్రం ఒకటి. తక్కినదంతా వీటి మీద పెరిగిన వడ్డీ.

మామగారు మనుషుల్ని కూడా తూకం వేసి పంచిన మనిషి. కొడుక్కి చేతిపని వచ్చు, మాట రాదు. అల్లుడికి మాట వచ్చు, మేకు కొట్టడం కూడా రాదు. ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి మనిషి అవుతాడని లెక్కగట్టి, ఊరి చివర పూత షెడ్డు కొడుక్కీ, బజారులో కొట్టు అల్లుడికీ రాసిచ్చాడు. గాజు పలకల వెనక వెండిపూత పోసి, దానిమీద ఎర్రరంగు కొట్టి అద్దాలుగా మార్చడం కొడుకు పని. వాటిని నాలుగు తియ్యటి మాటలతో జనానికి అంటగట్టడం అల్లుడి పని. ఆ కొడుకే అద్దాలాయనకు బావ. ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం, పండో కాయో దొరికితే పంచుకోవడం, ఏ లెక్కలోనూ తేడా రాకపోవడం, అన్నీ సవ్యంగానే సాగుతూ వచ్చాయి.

ఇక సూత్రం సంగతి. తాళాలు చేతిలో పెడుతూ మామగారు ఒకే ఒక్క మాట చెప్పాడు.

"అద్దాన్ని చూడు అల్లుడూ, అద్దంలోకి చూడకు."

అంటే, అమ్మకానికి పెట్టిన అద్దంలో కొట్టువాడు తన మొహం చూసుకోకూడదు. ఇవాళ మొహం చూసుకున్నవాడు రేపు మీసం దువ్వుకుంటాడు, ఎల్లుండి తల దువ్వుకుంటాడు, ఆ తర్వాత కొనడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఇతని సింగారం అయ్యేదాకా చూసి పక్క బజారుకు పోతాడు. అద్దాలాయన ఈ మాటను గుండెకు కట్టుకున్నాడు. కొత్త సరుకు వస్తే దాన్ని వెలుతురుకు వాల్చి, పాత కాగితంతో తుడిచి, బుడగలున్నాయా, అలలున్నాయా, అంచుల్లో పూత లేచిందా అని అంగుళం అంగుళం వెతికేవాడు. మధ్యలో అడ్డంగా ఒక మొహం కనిపించేది. ఆ మొహం ఎవరిదో అతనికి అనవసరం. సినిమా చూసేవాడు ముందు కుర్చీవాడి తలను పక్కకి నెట్టినట్టు, దాన్ని చూపుతోనే పక్కకి నెట్టేవాడు.

అలాగని ఇంట్లో చూసుకున్నాడా అంటే అదీ లేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అద్దం దించేటప్పుడు పగిలిన సరుకు. మంచి అద్దాన్ని ఇంటికి తెచ్చుకోవడం అంటే గల్లాపెట్టెలో తానే దొంగతనం చేసినంత పాపంగా భావించేవాడు. ఆ పగులు పై మూల నుంచి కిందికి ఏటవాలుగా దిగి, గడ్డం గీసుకునేటప్పుడు సరిగ్గా అతని ఎడమ బుగ్గ మీదుగా పోయేది.

"ఏవండీ, అద్దాలాయన పెళ్లాన్ని. పమిట సర్దుకోవాలంటే సగం నేను పైన, సగం నేను కింద కనిపిస్తున్నాను" అనేది భార్య.

"రెండు సగాలూ కలిపితే నువ్వేగా" అనేవాడు.

కొట్టులో మామగారు చెప్పని రెండో సూత్రం ఒకటి అద్దాలాయన సొంతంగా కనిపెట్టాడు. కొనేవాడి ముందు నవ్వకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. అద్దం ముందు నిలబడిన మనిషికి పక్కన ఇంకో మనిషి ఉన్నాడన్న స్పృహ ఉండదు. ఒకాయన పళ్లన్నీ బయటపెట్టి లెక్కచూసుకుంటాడు. ఒకావిడ అద్దంలో లావుగా ఉన్నానని అద్దాన్ని తిట్టి, పక్క అద్దం దగ్గరికి పోయి అక్కడా లావుగానే ఉంటే, "మీ కొట్టంతా ఇంతేనా?" అని అడుగుతుంది. ఒక గుమాస్తా జీతం పెంచమని యజమానిని ఎలా అడగాలో అభ్యాసం చేసి, చివర్లో అద్దంలో ఉన్నవాడే కాదన్నట్టు తల వేలాడేసుకుని వెళ్లిపోతాడు. ఇవన్నీ చూస్తూ నవ్వితే బేరం చెడుతుంది. అందుకని అద్దాలాయన గల్లాపెట్టె బల్లని ఎడమ గోడకు ఆనించి వేయించుకున్నాడు. జనం ఉండేది కుడివైపు. నవ్వు వచ్చినప్పుడు కుడి బుగ్గ కదలకుండా, గోడవైపున్న ఎడమ బుగ్గతో మాత్రం కాస్త నవ్వి మింగేసేవాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య కంచం పెడుతూ అడిగేది. "ఇవాళ ఎవరొచ్చారండీ? ఏమైంది?"

"ఏముంది? వచ్చారు, పోయారు."

ఆ మాట అంటున్నప్పుడు ఎడమ బుగ్గ ఒకసారి కదిలేది. ఆవిడ చూసేది. అడిగేది కాదు.

పరిస్థితి ఇలా ఉండగా కళ్లజోడు వచ్చిపడింది. అది కూడా తన ఇష్టంతో వచ్చింది కాదు. ఒక రోజు ఒక పెళ్లికొడుకు తండ్రి ముందు అద్దాన్ని తిప్పిపెట్టి, వెనకాల ఎర్రరంగు వైపు చూపిస్తూ, "చూడండి, చెరువు నీళ్లలా ఎంత తేటగా ఉందో!" అన్నాడు. ఆ పెద్దమనిషి చాలాసేపు ఎర్రరంగులోకి మర్యాదగా చూసి, ఆలోచించుకుని వస్తానని వెళ్లిపోయాడు. కబురు ఇల్లు చేరింది. మర్నాడే భార్య అతన్ని కళ్లజోళ్ల కొట్టుకు నడిపించింది.

కళ్లజోడు పెట్టుకుని తిన్నగా కొట్టుకు వచ్చాడు. లోకం కడిగి ఆరేసినట్టు ఉంది. ఎదుటి మేడ మీద ఆరేసిన చొక్కాకు ఏ గుండీ లేదో కూడా తెలుస్తోంది. ఆ ఉత్సాహంలో పొద్దున్నే బావ షెడ్డు నుంచి వచ్చిన కొత్త అద్దం విప్పాడు. వెలుతురుకు వాల్చాడు. తుడిచాడు.

గీత.

ఎడమ పక్కన, పైనుంచి కిందికి, కొడవలిలా కొంచెం వంగి, సన్నగా, స్పష్టంగా ఒక గీత.

కాగితంతో రుద్దాడు. పోలేదు. తడిగుడ్డతో రుద్దాడు. పోలేదు. గోరుతో గీకితే గోరుకు ఏమీ తగల్లేదు. అంటే పైన కాదు, లోపల. పూతలో. ఎర్ర మైనపు పెన్సిలు తీసి గీత చుట్టూ సున్నా చుట్టి, ఆ ఆవేశంలోనే గోనెపట్టా కప్పి, బావ షెడ్డుకు తోపుడుబండి మీద వెనక్కి పంపాడు.

రెండో అద్దం విప్పాడు. గీత. మూడోది విప్పాడు. గీత. నిచ్చెన వేసుకుని పాత సరుకు దించాడు. ఎప్పటివో, మామగారి దశదినాలకు ముందరివో కూడా దించాడు. అన్నింట్లోనూ గీత ఉంది! అదే చోట, అదే వంపు! చేతికందినవాటికల్లా సున్నా చుట్టి, బండి వెంట బండి షెడ్డుకు పంపాడు.

బల్ల మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లూ కళ్లు సరిగ్గా కనబడక, బావ ఏది పంపితే అది కళ్లకద్దుకుని అమ్మాడు. మాట రానివాడని జాలిపడ్డాడు. మాట రానివాడు ఎంత గట్టివాడో ఇప్పుడు తెలిసింది. ఒక్క కళ్లజోడు ఒక జీవితకాలపు మోసాన్ని బయటపెట్టింది! ఆ కోపంలోనూ అతనిలోని వ్యాపారి, కళ్లజోడు ఖరీదు రాబట్టేసినట్టేనని ఒక మూల లెక్కేసుకున్నాడు.

మర్నాడు బావ స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ షెడ్డు దాటని మనిషి, చంకలో వాటిలో ఒక అద్దంతో, చేతులకు ఎర్రరంగు మరకలతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏది బావా గీత?"

"సున్నా చుట్టి మరీ పంపాను కదా బావా. అందులోనే."

"సున్నా ఉంది. గీత లేదు."

"నీకెలా కనబడుతుంది? కళ్లజోడు లేదుగా."

"నాకక్కర్లేదు. సూదిలో దారం ఎక్కిస్తాను."

"దారం ఎక్కించేవాడికి గీత కనబడట్లేదంటే ఇంక నేనేమనుకోవాలి?"

ఆ మాటకు బావ మెడ నరాలు పొంగాయి. అద్దాలాయన అద్దం అందుకుని నిలబెట్టి తాను చూశాడు. ఉంది. బావ పక్కనుంచి వంగి చూశాడు. లేదు. ఉందని ఒకరు, లేదని ఒకరు. ఇంతలో పక్క కొట్టు దర్జీ, మెడలో టేపు వేలాడేసుకుని, గొడవ వాసన పట్టి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మూడో కూతురికి సంబంధాలు చూస్తున్న మనిషి.

"రావయ్యా, సమయానికొచ్చావు. నువ్వు మా ఇద్దరికీ ఏమీ కావు. ఈ అద్దంలో తిన్నగా చూసి చెప్పు, గీత కనబడుతోందా లేదా?"

దర్జీ అద్దం ముందు నిలబడ్డాడు. చూశాడు. ఇంకొంచెం దగ్గరికి జరిగి చూశాడు. అతని మొహం వాడిపోయింది.

"కనబడుతోందన్నా."

"గట్టిగా చెప్పు, మా బావకి వినపడాలి."

"ఉందన్నా. ఈమధ్యే వచ్చినట్టుంది."

"విన్నావా బావా? ఈమధ్య సరుకే!"

"ఒకటి కాదన్నా, కింద ఇంకోటి కూడా..." అని దర్జీ నుదురు తడుముకుంటూ, నిట్టూర్చి, తన మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

బావ అద్దాన్ని మళ్లీ చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. అతను ఏడాదికి మాట్లాడే మాటలన్నీ ఒకేసారి మాట్లాడాడు.

"బావా, ఈ చేతులతో నాన్న దగ్గర నేర్చుకున్న పని ఇది. నా పూతలో గీత ఉందని బజారులో సాక్ష్యం పెట్టించావు. ఇంకొక్క అద్దం వెనక్కొచ్చిందనుకో, షెడ్డుకి తాళం వేసి ఎటైనా పోతాను. మళ్లీ గాజు ముక్క ముట్టుకోను."

మాటలు ఎక్కువ ఉన్నవాడు బెదిరిస్తే బేరం ఆడుతున్నాడనుకోవచ్చు. మాటలు లేనివాడు అన్నాడంటే చేస్తాడు. అద్దాలాయనకు ఆ సంగతి తెలుసు. కానీ సరుకులో లోపం కళ్లెదుట పెట్టుకుని నోరు మూసుకుంటే ఇక కొట్టు ఎందుకు?

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం చల్లారిపోయింది.

"అన్నయ్యని దొంగన్నారట."

"దొంగనలేదు. గీత ఉందన్నాను."

"రెండింటికీ తేడా ఏంటో మీరే చెప్పండి. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టింటివాళ్లంటూ మిగిలింది వాడొక్కడే. షెడ్డుకి తాళం పడితే నేను ఎవరింటికని పోవాలి? మీ గీతింటికా?"

అద్దాలాయన చల్లారిన అన్నం కలుపుకున్నాడు. న్యాయం తన వైపున్నప్పుడు కూడా భార్య ముందు మాట తడబడడం అతనికి కొత్త కాదు.

అయినా మనసు ఊరుకోలేదు. ఒక్క సాక్షి చాలదనిపించింది. రెండు రోజుల తర్వాత పెద్ద టీచరమ్మ వచ్చింది. బడిలో చేరి పంతులమ్మగా మొదలుపెట్టి ప్రధానోపాధ్యాయురాలిగా దిగిపోయిన మనిషి. ఊళ్లో సగం మందికి చెవులు మెలిపెట్టి చదువు చెప్పింది. ఆవిడ ఉందంటే ఉంది, లేదంటే లేదు. హాల్లోకి నిలువుటద్దం కావాలని అడిగింది.

"టీచరమ్మగారూ, మీ దగ్గర దాపరికమెందుకు? ఈ అద్దంలో ఒక గీత ఉందనిపిస్తోంది. మీరు కూడా ఒకసారి చూసి చెప్పండి."

ఆవిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, జవాబుపత్రం దిద్దినట్టు పైనుంచి కిందిదాకా చూసింది. పెదవి విరిచింది.

"ఒకటేమిటండీ? చాలానే ఉన్నాయి."

"చాలానా!" అద్దాలాయన గొంతులో బాధ, విజయం రెండూ పలికాయి.

"దాచిపెట్టకుండా మీరే చెప్పారు, సంతోషం. మరి తగ్గించి ఇస్తారా?"

"లోపమున్న సరుక్కి లోపమున్న ధరేనమ్మా. మాట తప్పను."

"అయితే పక్కన పెట్టండి. పై వారం మనిషిని తీసుకొచ్చి పట్టుకెళ్తాను."

అలా సాక్షులు ఇద్దరయ్యారు. ఎదుటి పక్షానికి ఒక్కరూ లేరు. ఇంత గట్టి వ్యాజ్యం అద్దాలాయన చేతికి ఎన్నడూ రాలేదు. అయితే గెలిచినకొద్దీ ఇంట్లో వంటల్లో ఉప్పు తగ్గుతూ వచ్చింది.

చిక్కంతా దర్జీ అద్దంతో వచ్చింది. బట్టలు వేసుకుని చూసుకునే గదిలోకి నిలువెత్తు అద్దం కావాలని దర్జీ ఎప్పుడో చెప్పి ఉంచాడు. బావ అది పూర్తి చేశానని కబురు పంపాడు. కబురుతోపాటు ఇంకేమీ పంపలేదు, బాగోగులడగలేదు. ఆ అద్దం కొట్టుకు వస్తే అద్దాలాయన విప్పుతాడు. విప్పితే గీత కనబడుతుంది. కనబడితే వెనక్కి పంపుతాడు. పంపితే షెడ్డుకి తాళం. అద్దం ఒకటే కానీ దాని మీద రెండు ఇళ్లు ఆని ఉన్నాయి.

భార్య ఒక దారి చెప్పింది. "సెలవు రోజు మనిద్దరం అక్కడికే పోదాం. మీరు అక్కడే చూడండి. బాగుంటేనే తెచ్చుకుందురు. రానిదాన్ని వెనక్కి పంపారని ఎవరూ అనలేరు."

ఇంత తెలివి మామగారు కూతురికి ఇచ్చి, కొట్టు మాత్రం అల్లుడికి ఎందుకిచ్చాడా అని అద్దాలాయన దారిపొడుగునా ఆలోచించాడు.

షెడ్డులో పూత మందుల వాసన, తడి నేల. ఒక గోడ పొడవునా అద్దాలాయన వెనక్కి పంపిన అద్దాలు వరుసగా ఆనించి ఉన్నాయి. ప్రతిదాని మీద ఎడమ పక్కన ఎర్ర సున్నా. బావ వాటిని తుడవలేదు. రోజూ వాటిని చూస్తూ, వాటి ఎదుటే పనిచేస్తూ ఉన్నాడు. మధ్యలో నిలువుటద్దం, తెల్లగుడ్డ కప్పి ఉంది.

బావ గుడ్డ తీశాడు. "చూడు" అన్నాడు. రా, కూర్చో అని కూడా అనలేదు.

అద్దాలాయన కళ్లజోడు సర్దుకుని అద్దం ముందు నిలబడ్డాడు. గీత లేకపోతే బాగుండునని మొదటిసారి మనసులో అనుకున్నాడు. అంచులు బాగున్నాయి. అలలు లేవు. బుడగ ఒక్కటీ లేదు. చూపు మెల్లగా ఎడమ పక్కకి తెచ్చాడు.

ఉంది.

"బావా..." అన్నాడు. "ఏం చెయ్యను బావా, ఉంది."

బావ మొహం గోడలా అయిపోయింది. జేబులోంచి తాళం తీశాడు. దాన్ని ముందే నూనె రాసి తెచ్చిపెట్టుకున్నాడని చూడగానే తెలుస్తోంది.

"ఎక్కడ?" అంది భార్య ఇద్దరి మధ్యలోకి వచ్చి. "నాకూ చూపించండి."

అద్దాలాయన పెన్సిలుతో సున్నా చుట్టాడు. "ఇదిగో, ఇందులో."

"నాకేం కనబడట్లేదే. కాస్త పక్కకి జరగండి, మీరు అడ్డమున్నారు."

అతను పక్కకి ఒక అడుగు వేశాడు. వేసి, ఉలిక్కిపడ్డాడు.

"చూశావా! ఇప్పుడు సున్నాలో లేదు, ఇటొచ్చింది! బావా, ఇదెక్కడి పూత? గీత వేస్తే వేశావు, అది ఒక చోట నిలకడగా కూడా లేదే!"

భార్య అద్దంలోకి చూసింది. మొగుడి మొహం చూసింది. గోడ వెంట వరుసగా ఉన్న ఎర్ర సున్నాలను చూసింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని బావ చెల్లెలి పక్కకి వచ్చాడు.

"మీరు కదలకండి," అంది ఆవిడ ఊపిరి బిగబట్టి. చెయ్యి చాచి, చూపుడు వేలు తీసుకెళ్లి అతని ఎడమ బుగ్గ మీద పెట్టింది. "ఇదేనా?"

అద్దంలో వేలు గీత మీద ఉంది.

అద్దాలాయన వేలిని చూశాడు. వేలి కింద బుగ్గను చూశాడు. మామగారు తాళాలిచ్చిన నాటి తర్వాత మొదటిసారి, ఆ బుగ్గ చుట్టూ ఉన్న మొహాన్ని కూడా చూశాడు. కళ్లజోడు తీశాడు. గీత పోయింది. పెట్టాడు. వచ్చింది. మళ్లీ తీశాడు. ఆ ఆట ఇంకా కొంతసేపు సాగేదే కానీ, వెనకాల బావ గొంతులోంచి ఎన్నడూ వినని శబ్దం ఒకటి వచ్చింది. మాట రాని మనిషికి నవ్వు వస్తే ఇనప తలుపు లాగినట్టు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

"బావా," అన్నాడు బావ, కళ్లు తుడుచుకుంటూ, "దానికి నేను పూత వెయ్యలేను."

వ్యాపారి ఓడిపోయినా చేతులెత్తడు. "మరి దర్జీ చూశానన్నాడే? టీచరమ్మ చాలా ఉన్నాయందే?"

"వాళ్లవి వాళ్లు చూసుకుని ఉంటారండీ" అంది భార్య. అని, ఇక నిలబడలేక పూత బల్లకు ఆనుకుని కడుపు పట్టుకుంది.

"అయితే ఇది ఎప్పుడొచ్చింది? నాకెవరూ చెప్పలేదేం?"

"ఎప్పుడో వచ్చింది. పగిలిన అద్దం తెచ్చి ఇంట్లో పెట్టారు, అందులో పగులేదో బుగ్గేదో మీకెలా తెలుస్తుంది?"

"మరి ఒక పక్కనే ఉందేంటి? కుడివైపు నున్నగానే ఉందిగా."

ఆవిడ నవ్వు ఆపుకుని, మొగుడి బుగ్గను ఇంకోసారి చూసింది. ఈసారి సరుకును చూసినట్టు కాదు.

"కొట్టులో మింగిన నవ్వులండీ అవి. గోడవైపు తిరిగి నవ్వుతారుగా. ఇంటికొచ్చి 'వచ్చారు, పోయారు' అంటారు. నోరు అంటుంది కానీ ఆ బుగ్గ ఊరుకోదు. రోజూ అది చూసే ఇవాళ ఎవరో మంచి తమాషా మనిషి వచ్చాడని తెలుసుకునేదాన్ని. ఎవరో ఏంటో మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు."

అద్దాలాయన గోడ వెంట నిలబడ్డ అద్దాలను చూశాడు. ప్రతి అద్దంలోనూ ఒక ఎర్ర సున్నా, దాని పక్కన తను. తన సొంత నవ్వునే చుట్టి చుట్టి, లోపమని రాసి, బండి కూలి ఇచ్చి మరీ వెనక్కి పంపాడు. ఆ లెక్క మనసులో కుదిరిన క్షణాన అతనికి నవ్వు వచ్చింది. అలవాటు కొద్దీ ఎడమవైపు గోడ కోసం చూశాడు. షెడ్డులో ఎడమవైపు గోడ లేదు, బావ ఉన్నాడు. చేసేది లేక రెండు బుగ్గలతోనూ నవ్వాడు.

బావ తాళం మళ్లీ జేబులో వేసుకున్నాడు. టీ పెట్టడానికి లోపలికి పోతూ, "సున్నాలు మాత్రం నువ్వే తుడవాలి" అన్నాడు.

తుడిచాడు. తుడుస్తూ కూడా ఊరుకోలేదు. "బండి కూలి చెరి సగం అనుకుందామా బావా?"

"బుగ్గ నీది, కూలి నాదా?" అని లోపల్నుంచి జవాబు వచ్చింది. మాట రానివాడని ఇతన్ని ఎవరన్నారో!

అక్కడితో లెక్క మూసేయొచ్చు. కానీ పై వారం పెద్ద టీచరమ్మ మనిషిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమండీ, గీతలున్న అద్దం పక్కన పెట్టారా?"

"అమ్మా, అదీ... ఆ అద్దంలో గీతలు లేవమ్మా. నేనే పొరబడ్డాను. మంచి సరుకే. మామూలు ధరే."

టీచరమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఆ కనుబొమల కింద ఊళ్లో సగం మంది నిక్కర్లు తడుపుకున్నారు. "అదేంటండీ? మొన్న మీరే చూపించారు. నేనూ చూశాను. మాట తప్పనన్నారు." ఆవిడ అద్దం దగ్గరికి నడిచింది. వంగి చూసింది. "ఇవిగో! ఉన్నాయి కదా! ఇది ఒకటి, ఇది ఒకటి. ఇది చూడండి, ఎంత లోతుగా ఉందో! ఇవి గీతలు కావా? నిజం చెప్పండి."

అద్దాలాయన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, నిజం చెప్పడం. చెబితే ధర దక్కుతుంది. టీచరమ్మ దక్కదు, బహుశా చెవి కూడా దక్కదు. రెండోది, బావ చేసిన మచ్చలేని అద్దాన్ని లోపం సరుకు ధరకు ఇచ్చెయ్యడం. జీవితంలో చూసుకున్న బేరాలన్నింటినీ ఒకసారి తలుచుకుని, ఇంతకంటే అన్యాయమైనది ఇంకొకటి లేదని రూఢి చేసుకున్నాడు.

"గీతలేనమ్మా," అన్నాడు. "తీసుకెళ్లండి. తగ్గించే ఇస్తాను."

"అలా ఉండాలి. ఈ బజారులో నిజం చెప్పే వ్యాపారి మీరొక్కరే," అంది టీచరమ్మ. పట్టుకెళ్లే మనిషికి, "జాగ్రత్తగా పట్టుకో, దీనికి ఇప్పటికే చాలా గీతలున్నాయి" అని చెప్పింది.

అద్దాలాయన గోడవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం భార్య కంచం పెడుతూ అడిగింది. "ఇవాళ ఎవరొచ్చారండీ?"

వచ్చారు, పోయారు అనబోయాడు. ఆవిడ బుగ్గ వైపే చూస్తోంది. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కనుబొమలు పైకెత్తి, వంగి, టీచరమ్మ గొంతుతో మొదలుపెట్టాడు. మొత్తం చెప్పేసరికి పప్పు చల్లారింది. ఆవిడకు పొలమారింది. నెత్తి మీద తట్టాల్సి వచ్చింది.

చివరి లెక్క ఇలా తేలింది. పోయినవి: తోపుడుబండి కూలి పూర్తిగా, బావ సగం ఇవ్వలేదు కనుక. ఒక మంచి నిలువుటద్దం మీద రావలసిన లాభం. దర్జీతో మాటలు కొన్నాళ్లు, ఎందుకంటే నిజం తెలిశాక ఆ కథ అతనికి నచ్చలేదు. ఇంట్లో పగిలిన అద్దం, భార్య పట్టుబట్టి దాన్ని తీయించి కొత్తది పెట్టించింది కనుక. దక్కినవి: బావ, వెనకటి బావ కంటే కొంచెం ఎక్కువ మాట్లాడేవాడు. షెడ్డు తలుపు, తాళం లేకుండా. ఇంట్లో ఒక అద్దం, అందులో భార్య ఒకే ముక్కగా. ఎడమ బుగ్గ మీద ఒక గీత, పాతదే, లోపం అని ఇక ఎవరికీ అమ్మజూపనిది. కుడి బుగ్గ మీద కొత్తగా ఒకటి మొదలయ్యే సూచనలున్నాయని కళ్లజోడు చెబుతోంది. దాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. సరుకు పూర్తిగా చేరాకే జమ రాయడం అద్దాలాయన పద్ధతి.